బయాప్సీ లేకుండా లివర్ మచ్చలు ఎంతవరకు వచ్చాయో తెలుసుకోవడం ఎలా? హెపటైటిస్ సి ఉన్నవాళ్ల కోసం

హెపటైటిస్ సి ఉందని తెలిసిన రోజు ఎవరైనా మొదట అడిగేది "తగ్గుతుందా డాక్టర్?" అని. ఆ వెంటనే "లివర్ ఇప్పటికే ఎంత పాడైంది?" అని. మొదటిదానికి ఇవాళ జవాబు సులువు. 8 నుంచి 12 వారాల మాత్రలతో నూటికి 95 మందికి పైగా వైరస్ పూర్తిగా పోతోంది. కాస్త కష్టపడాల్సింది రెండో ప్రశ్నకే.

ఒకప్పుడు దీనికి పక్కటెముకల మధ్య నుంచి లావు సూది దించి, లివర్ నుంచి చిన్న ముక్క తీసి మైక్రోస్కోప్ కింద చూసేవాళ్లు. ఆ ముక్క మొత్తం లివర్‌లో సుమారు 50 వేలో వంతు. మచ్చలు లివర్ అంతటా ఒకేలా ఉండవు కాబట్టి సూది ఎక్కడ దిగిందన్న దాన్ని బట్టి ఫలితం మారిపోయేది. నొప్పి, రక్తస్రావం భయం సరేసరి. ఇప్పుడు కేవలం హెపటైటిస్ సి కోసం బయాప్సీ చేయించాల్సిన అవసరం దాదాపు లేదు. రక్తపరీక్షల్లోంచి కట్టే ఒక లెక్క, లివర్ ఎంత గట్టిగా ఉందో కొలిచే ఒక స్కాన్ కలిసి ఆ పని చేసేస్తాయి. వాటిని ఏ వరసలో చేయించుకోవాలి, కాగితం చేతికొచ్చాక ఏ గడి చూడాలి, ఎక్కడ మోసపోతాం అన్నది చెప్తాను. మందుల నిర్ణయం మీ డాక్టరుదే. కానీ రిపోర్టు చదవడం వచ్చినవాళ్లకు ఆ పది నిమిషాల కన్సల్టేషన్ బాగా కలిసొస్తుంది.

ముందు ఒక మాట. వైరస్ ఏళ్ల తరబడి లివర్‌లో వాపు పుట్టిస్తుంది. వాపు మానే క్రమంలో అక్కడ పీచులాంటి పదార్థం పేరుకుంటుంది. దాన్నే ఫైబ్రోసిస్ అంటారు, మన మాటల్లో మచ్చ కట్టడం. మచ్చే లేకపోతే ఎఫ్0, మొత్తం గడ్డలు గడ్డలుగా మారిపోయి సిర్రోసిస్ అయితే ఎఫ్4. మధ్యలో ఎఫ్1, ఎఫ్2, ఎఫ్3. ఇది సాధారణంగా ఇరవై ముప్పై ఏళ్ల ప్రయాణం. మద్యం, అధిక బరువు, షుగర్, హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి తోడైతే ఇంకా త్వరగా నడుస్తుంది.

1. వైరస్ ఇంకా ఉందో లేదో తేల్చుకోండి

"యాంటీ హెచ్‌సీవీ పాజిటివ్" అంటే వైరస్ ఎప్పుడో ఒకప్పుడు ఒంట్లోకి వచ్చిందని మాత్రమే. హెచ్‌సీవీ అంటే హెపటైటిస్ సి వైరస్. కొందరికి మొదటి ఆరు నెలల్లో అది దానంతటదే పోతుంది, యాంటీబాడీ మాత్రం మిగిలిపోతుంది. వైరస్ ఇప్పుడూ ఉందని చెప్పేది హెచ్‌సీవీ ఆర్‌ఎన్‌ఏ పరీక్ష. అది లేకుండా మిగతావాటికి పరుగెత్తొద్దు.

ఇంకోటి. స్కాన్‌కి తేదీ దొరకలేదని మందు వాయిదా వేయొద్దు. మందులు కొత్తగా వచ్చినప్పుడు చాలాచోట్ల "మచ్చ ఎక్కువున్నవాళ్లకే ముందు" అని వరస పెట్టారు. ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు ప్రకారం మచ్చ ఎంతున్నా, అసలు లేకపోయినా మందు ఇవ్వాల్సిందే. మచ్చ లెక్క ఎందుకంటే ఏ మందు, ఎన్ని వారాలు, అయిపోయాక ఎన్నేళ్లు కనిపెట్టుకుని ఉండాలి అన్న మూడు విషయాలు తేలడానికి.

2. మూడు పరీక్షలు, ఒకే రోజు, ఒకే రక్తం

కావలసినవి ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ (లివర్ కణాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే రెండు ఎంజైములు), ప్లేట్‌లెట్ల సంఖ్య. కొన్ని రిపోర్టుల్లో ఎస్‌జీఓటీని ఏఎస్‌టీ అని, ఎస్‌జీపీటీని ఏఎల్‌టీ అని రాస్తారు. పేర్లే వేరు, పరీక్షలు అవే. ఇవి మామూలు లివర్ ఫంక్షన్ టెస్టులోను, బ్లడ్ కౌంట్‌లోను వచ్చేస్తాయి, విడిగా అడగాల్సిన పని ఉండదు. కానీ మూడూ ఒకే రోజు తీసిన రక్తానివి కావాలి. పోయిన ఏడాది ప్లేట్‌లెట్లను ఈ నెల ఎస్‌జీఓటీతో కలిపి లెక్క కట్టారంటే వచ్చే సంఖ్యకు అర్థమే ఉండదు.

జ్వరం ఉండగా, తగ్గిన వెంటనే ఈ పరీక్ష చేయించుకోకండి. డెంగీ లాంటి జ్వరాల్లో ప్లేట్‌లెట్లు పడిపోతాయి, ఎస్‌జీఓటీ పెరుగుతుంది. రెండూ కలిసి లెక్కను సిర్రోసిస్ వైపు తోసేస్తాయి. కొత్తగా జిమ్‌లో చేరి ఒళ్లు హూనం చేసుకున్నా ఎస్‌జీఓటీ పెరుగుతుంది, ఎందుకంటే అది కండరాల్లో కూడా ఉంటుంది. ఒళ్లు కుదుటపడ్డాక కొన్ని వారాలు ఆగి రక్తం ఇవ్వండి.

ఈ మూడింట్లో జనం అసలు పట్టించుకోనిది ప్లేట్‌లెట్లు. ఎస్‌జీపీటీ 96 అని చూడగానే టెన్షన్ పడిపోతారు, పక్క పేజీలో ప్లేట్‌లెట్లు 1.1 లక్షలున్నా కన్ను పడదు. నిజానికి మచ్చల విషయంలో ఎస్‌జీపీటీ చాలా బలహీనమైన సాక్షి. సిర్రోసిస్ వచ్చినవాళ్లలో కూడా అది నార్మల్‌గా కనిపించవచ్చు. ప్లేట్‌లెట్లు అలా కాదు. మచ్చలతో బిగుసుకున్న లివర్‌లోంచి రక్తం సాఫీగా పారదు, వెనక్కి తన్నుతుంది. దాంతో ప్లీహం ఉబ్బి ప్లేట్‌లెట్లను తనలో పట్టి ఉంచుకుంటుంది. పైగా ప్లేట్‌లెట్లు తయారవ్వమని ఎముక మజ్జకు కబురు పంపే హార్మోన్ పుట్టేది కూడా లివర్‌లోనే. అందుకే ఏళ్ల మీద ప్లేట్‌లెట్లు మెల్లగా జారుతూ 1.5 లక్షల కిందికి వచ్చాయంటే, ఎస్‌జీపీటీ ఎలా ఉన్నా సరే, సిర్రోసిస్ ఉందేమోనని చూడాల్సిందే. పాత రిపోర్టులు బయటికి తీసి ఆ ఒక్క వరస చూసుకోండి.

3. కాలిక్యులేటర్ తీయండి

రెండు లెక్కలున్నాయి. ఒకటి ఏప్రి, 2003లో వచ్చింది. రెండోది ఫిబ్-4, 2006లో వచ్చింది. మొదటిది హెపటైటిస్ సి పేషెంట్ల మీద, రెండోది హెపటైటిస్ సి, హెచ్‌ఐవీ రెండూ ఉన్నవాళ్ల మీద తయారైంది. ఫ్యాటీ లివర్‌కి తర్వాత అరువు తెచ్చుకున్నారు గానీ, ఇవి పుట్టిందే మీ జబ్బు కోసం.

ఫిబ్-4 = (వయసు × ఎస్‌జీఓటీ) ÷ (ప్లేట్‌లెట్లు × ఎస్‌జీపీటీ వర్గమూలం)

ఏప్రి = (ఎస్‌జీఓటీ ÷ ల్యాబ్ చెప్పిన ఎస్‌జీఓటీ గరిష్ఠ నార్మల్) × 100 ÷ ప్లేట్‌లెట్లు

ఎక్కువమంది తప్పు చేసేది ప్లేట్‌లెట్ల దగ్గరే. ఇక్కడ ప్లేట్‌లెట్లను వేలల్లో వేయాలి. రిపోర్టులో 1.42 లక్షలు అనో 1,42,000 అనో ఉంటే మీరు వేయాల్సింది 142. అక్కడ 1.42 వేసి, ఫిబ్-4 దాదాపు మూడు వందలు వచ్చిందని రాత్రంతా నిద్రపోనివాళ్లు ఉంటారు.

ఒక ఉదాహరణ చేద్దాం. వయసు 52, ఎస్‌జీఓటీ 78, ఎస్‌జీపీటీ 96, ప్లేట్‌లెట్లు 1.42 లక్షలు. 52ని 78తో గుణిస్తే 4056. 96 వర్గమూలం 9.8. దాన్ని 142తో గుణిస్తే సుమారు 1391. 4056ని 1391తో భాగిస్తే 2.9. ఇదీ ఫిబ్-4. ఏప్రికి, ఈ ల్యాబ్‌లో ఎస్‌జీఓటీ గరిష్ఠం 40 అనుకుందాం. 78ని 40తో భాగిస్తే 1.95, వందతో గుణిస్తే 195, దాన్ని 142తో భాగిస్తే 1.37.

హెపటైటిస్ సిలో ఫిబ్-4 1.45 కంటే తక్కువుంటే ముదిరిన మచ్చలు ఉండే అవకాశం తక్కువ. 3.25 దాటితే ముదిరినట్టే అనుకుని ముందుకెళ్లాలి. ఏప్రి 0.5 లోపుంటే పెద్ద మచ్చలు లేనట్టు, 1.5 దాటితే ఉన్నట్టు, 2 దాటితే సిర్రోసిస్ అనుమానం. మన ఉదాహరణలో రెండు లెక్కలూ మధ్యలో ఇరుక్కున్నాయి. ఇది అరుదేం కాదు, చాలామంది వచ్చి ఆగేది ఇక్కడే. మధ్యలో ఉండటం అంటే "సగం పాడైంది" అని అర్థం కాదు. ఈ లెక్కకు తేల్చే శక్తి లేదు, స్కాన్‌కి వెళ్లు అని అర్థం.

ఇంటర్నెట్‌లో దొరికే ఫిబ్-4 కాలిక్యులేటర్లు కొన్ని 1.3, 2.67 అనే హద్దులు చూపిస్తాయి. అవి ఫ్యాటీ లివర్ కోసం పెట్టినవి. సంఖ్య అక్కడ కట్టుకోండి, హద్దులు మాత్రం హెపటైటిస్ సివే చూడండి.

వయసు చేసే మాయ కూడా తెలిసి ఉండాలి. పై ఉదాహరణలో రక్తం అదే ఉంచి వయసు 28 చేస్తే ఫిబ్-4 1.57 అవుతుంది, 68 చేస్తే 3.8. లివర్ మారలేదు, పుట్టిన సంవత్సరం మారిందంతే. అందుకే 35 ఏళ్ల లోపువాళ్లలో ఫిబ్-4 తక్కువొచ్చిందని నిశ్చింతగా ఉండకూడదు, 65 దాటినవాళ్లలో కాస్త ఎక్కువొచ్చిందని హడలిపోకూడదు. ఈ రెండు వయసులవాళ్లూ ఏప్రిని, స్కాన్‌ని ఎక్కువ నమ్మడం మేలు. ఏప్రిలో వయసు ప్రసక్తే లేదు.

ఇంకొక మోసం ల్యాబ్ ట్యూబులోనే జరుగుతుంది. బ్లడ్ కౌంట్‌కి వాడే ఊదారంగు మూత ట్యూబులో రక్తం గడ్డకట్టకుండా ఈడీటీఏ అనే పదార్థం ఉంటుంది. కొద్దిమంది రక్తంలో ఆ పదార్థం తగలగానే ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అంటుకుని గుంపులు కడతాయి. మిషన్ ఆ గుంపును విడివిడిగా లెక్కపెట్టలేదు. నిజంగా 1.42 లక్షలున్నా 98 వేలని చూపిస్తుంది. అదే ఉదాహరణలో 142 బదులు 98 వేసి చూడండి. ఫిబ్-4 2.9 నుంచి 4.2కి ఎగబాకుతుంది. సిర్రోసిస్ ముద్ర పడిపోతుంది. కాబట్టి ప్లేట్‌లెట్లు ఉన్నట్టుండి తక్కువొస్తే, ముఖ్యంగా మునుపటి రిపోర్టుతో పొంతన లేకపోతే, "స్మియర్‌లో చూశారా, గుంపులు కట్టాయా?" అని అడగండి. స్మియర్ అంటే రక్తపు చుక్కను గాజుపలక మీద పరిచి మైక్రోస్కోప్‌లో చూడటం. సిట్రేట్ ఉన్న వేరే ట్యూబులో రక్తం తీసి మళ్లీ లెక్కపెడితే చాలాసార్లు సంగతి తేలిపోతుంది.

4. స్కాన్‌కి ఎలా వెళ్లాలి

లివర్ గట్టిదనం కొలిచే పరీక్షను ఎలాస్టోగ్రఫీ అంటారు. వీటిలో బాగా వాడుకలో ఉన్నది ఫైబ్రోస్కాన్. 2003 ప్రాంతంలో ఫ్రాన్స్ నుంచి వచ్చింది. మామూలు అల్ట్రాసౌండ్ వేరు, ఇది వేరు. "కడుపు స్కానింగ్ అయింది, లివర్ బాగుందన్నారు" అని ఊరుకోవద్దు. మామూలు అల్ట్రాసౌండ్‌లో లివర్ నార్మల్‌గా కనిపించినా ఎఫ్3 ఉండొచ్చు, తొలిదశ సిర్రోసిస్ కూడా ఉండొచ్చు. అంచు గరుకుగా, ప్లీహం పెద్దగా కనిపించేసరికి ఆలస్యమై ఉంటుంది.

స్కాన్‌కి కనీసం మూడు గంటల ముందు నుంచి ఏమీ తినకండి. తిన్నాక లివర్‌కి రక్తం ఎక్కువగా పోయి అది బిగుతుగా మారుతుంది, సంఖ్య పెరుగుతుంది. ఉదయం పరగడుపున వెళ్లిపోతే గొడవే లేదు. గర్భంతో ఉన్నా, గుండెకు పేస్‌మేకర్ లాంటిది ఉన్నా అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే చెప్పండి. పొట్టలో నీరు చేరి ఉంటే ఈ స్కాన్ పనిచేయదు, అల నీటిని దాటి వెళ్లలేదు. నిజానికి కాలేయ జబ్బు వల్ల నీరు చేరిందంటే ఈ కొలతతో పని కూడా ఉండదు, జబ్బు ముదిరిందని తెలిసిపోయినట్టే.

లోపల జరిగేది ఇది. వెల్లకిలా పడుకోబెట్టి కుడి చెయ్యి తల కింద పెట్టుకోమంటారు, పక్కటెముకల మధ్య సందు విచ్చుకోవడానికి. అక్కడ చల్లటి జెల్ రాసి, లావు పెన్ను లాంటి ప్రోబ్‌ను నిటారుగా ఆనిస్తారు. బటన్ నొక్కినప్పుడల్లా వేలితో చిన్నగా కొట్టినట్టు "టప్"మంటుంది. నొప్పి ఉండదు, మొదటిసారి కాస్త ఉలిక్కిపడతారంతే. ఆ దెబ్బకు పుట్టిన అల లివర్‌లోకి పోతుంది. మెత్తటి లివర్‌లో మెల్లగా, గట్టిపడిన లివర్‌లో వేగంగా పోతుంది. స్క్రీన్ మీద అది ఏటవాలు గీతలా కనిపిస్తుంది. గీత ఎంత నిటారుగా ఉంటే అల అంత వేగంగా పరుగెత్తినట్టు. ఇలా కనీసం పది సరైన కొలతలు తీస్తారు. మొత్తం పది నిమిషాల్లోపే. ఊపిరి గట్టిగా పీల్చి బిగబట్టొద్దు, మామూలుగా పడుకోండి, ఆగమన్నప్పుడు ఆగండి. బయాప్సీ ముక్క కంటే సుమారు వంద రెట్లు పెద్ద భాగాన్ని ఇది కొలుస్తుంది.

ఒళ్లు కాస్త భారీగా ఉన్నవాళ్లకు ఎక్స్‌ఎల్ ప్రోబ్ కావాలి. చర్మానికి, లివర్‌కి మధ్య కొవ్వు మందంగా ఉంటే మామూలు ఎం ప్రోబ్ కొలత సరిగా రాదు. ముందే "మీ దగ్గర ఎక్స్‌ఎల్ ప్రోబ్ ఉందా?" అని ఫోన్ చేసి అడగడంలో తప్పేం లేదు.

5. స్కాన్ కాగితం చదవడం

కాగితం మీద పెద్ద అక్షరాల్లో ఒక సంఖ్య ఉంటుంది, పక్కన కేపీఏ అని. కిలోపాస్కల్ అన్నమాట, గట్టిదనానికి కొలత. అందరూ దాన్నే చూస్తారు. మీరు మాత్రం ముందు దాని పక్కన చిన్నగా ఉన్న ఐక్యూఆర్/మెడ్ అన్నది చూడండి. పది కొలతలూ ఒకదానికొకటి ఎంత దగ్గరగా ఉన్నాయో అది చెబుతుంది. 30 శాతం లోపుంటే కొలత నమ్మదగినదే. 10.8 కేపీఏ, ఐక్యూఆర్ (కొలతల మధ్య తేడా) 1.9 అని ఉంటే, 1.9ని 10.8తో భాగిస్తే 18 శాతం లోపే, బాగుంది. అదే 10.8కి ఐక్యూఆర్ 4.1 ఉంటే 38 శాతం. అంటే ఒక్కో దెబ్బకు ఒక్కో సంఖ్య వచ్చిందన్నమాట. అలాంటి కాగితం పట్టుకుని ఎఫ్3 అని నిర్ణయించేయడం దండగ, మళ్లీ చేయించాలి. పెద్ద సంఖ్య 7 కంటే తక్కువగా ఉంటే మాత్రం ఈ శాతం గురించి అంత పట్టింపు అక్కర్లేదు.

హెపటైటిస్ సిలో సాధారణంగా వాడే హద్దులు ఇవి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో 5 అటూ ఇటూ ఉంటుంది. 7.1 దాటితే ఎఫ్2 లేదా పైన. 9.5 దాటితే ఎఫ్3. 12.5 దాటితే సిర్రోసిస్. ఇవి గోడ కట్టిన సరిహద్దులు కావు. 9.3 వచ్చినవాళ్లకూ 9.7 వచ్చినవాళ్లకూ లివర్‌లో తేడా ఏమీ ఉండదు, మరుసటి వారం చేస్తే ఇద్దరి సంఖ్యలూ తారుమారు కావచ్చు. అందుకే రిపోర్టులో "ఎఫ్2–ఎఫ్3" లాంటి రాతలు కనిపిస్తాయి. చిరాకు పడకండి, రాసినవాళ్లు నిజాయితీగా రాశారని అర్థం.

అదే కాగితం మీద క్యాప్ అని, 100 నుంచి 400 మధ్యలో ఇంకో సంఖ్య ఉంటుంది. అది లివర్‌లో కొవ్వు కొలత. 280 అని చూసి గట్టిదనం అనుకుని బెంబేలెత్తొద్దు. అలాగే వేరే కంపెనీల అల్ట్రాసౌండ్ మిషన్లలో చేసే షియర్ వేవ్ పరీక్ష ఫలితం కొన్నిసార్లు సెకనుకు ఇన్ని మీటర్లు అని వస్తుంది. సెకనుకు 2 మీటర్లంటే సుమారు 12 కేపీఏ. "పోయినసారి 12, ఈసారి 2, తగ్గిపోయింది" అనుకునే ప్రమాదం ఇక్కడే. మార్పు తెలియాలంటే ఎప్పుడూ ఒకే రకం మిషన్ మీద చేయించుకోండి.

సంఖ్య ఎక్కువొస్తే అది మచ్చేనా అని ఒకసారి అనుమానించండి. గట్టిదనం పెరగడానికి మచ్చ ఒక్కటే కారణం కాదు. ఎస్‌జీపీటీ నార్మల్‌కి ఐదు రెట్లు దాటేంత వాపు ఉన్నప్పుడు, పిత్తనాళం మూసుకుపోయి కామెర్లు ఉన్నప్పుడు, గుండె బలహీనపడి లివర్‌లో రక్తం నిలిచిపోయినప్పుడు, ఈ మధ్యే మద్యం ఎక్కువగా తాగి ఉన్నప్పుడు, కడుపు నిండా తిని వెళ్లినప్పుడు సంఖ్య ఉబ్బుతుంది. తక్కువొచ్చిన సంఖ్యను నమ్మినంతగా ఎక్కువొచ్చిన సంఖ్యను నమ్మకపోవడం మంచి అలవాటు.

6. రెండూ కలవకపోతే

రక్తం లెక్క, స్కాన్ రెండూ వేర్వేరు దారుల్లో వచ్చి ఒకే మాట చెబితే నమ్మేయొచ్చు. ఫిబ్-4 1.1, స్కాన్ 5.6 అయితే ఇంకేం వద్దు. ఫిబ్-4 4, స్కాన్ 19 అయితే దాన్ని కాదనడానికి మూడో పరీక్ష వెతుక్కోవడం టైమ్ వేస్ట్. చిక్కల్లా అవి రెండూ చెరో వైపు లాగినప్పుడే.

అప్పుడు ముందుగా తప్పు ఎక్కడుందో చూడండి. తినేసి వెళ్లారా? ఐక్యూఆర్ ఎంత? ప్లేట్‌లెట్లు గుంపు కట్టాయా? వయసు 35 లోపా, 65 పైనా? నాకు తెలిసినంతవరకు గందరగోళంలో చాలా భాగం ఇక్కడే విడిపోతుంది. అయినా తేలకపోతే కొన్ని వారాలాగి రెండూ మళ్లీ చేయించాలి. అల్ట్రాసౌండ్‌లో ప్లీహం సైజు, లివర్ అంచు ఎలా ఉన్నాయో చూడాలి.

ఫైబ్రోటెస్ట్ అని ఒక రక్తపరీక్ష ఉంది. ఆల్ఫా-2 మాక్రోగ్లోబులిన్, హాప్టోగ్లోబిన్, అపోలిపోప్రోటీన్ ఎ1, జీజీటీ, బిలిరుబిన్ ఈ ఐదింటికి వయసు, ఆడా మగా అన్నది కలిపి 0 నుంచి 1 మధ్య ఒక స్కోరు ఇస్తుంది. మంచిదే కానీ, పుట్టుకతోనే బిలిరుబిన్ కాస్త ఎక్కువగా ఉండే గిల్బర్ట్ సిండ్రోమ్ ఉన్నవాళ్లలోను, ఎర్ర రక్తకణాలు పగిలిపోయే జబ్బు ఉన్నవాళ్లలోను మచ్చ లేకపోయినా స్కోరు పెరుగుతుంది. అలాంటిది మీకుంటే డబ్బు ఖర్చు పెట్టేముందు డాక్టరుకు చెప్పండి. ఎంఆర్‌ఐతో చేసే ఎలాస్టోగ్రఫీ ఇంకా కచ్చితమైనది, భారీకాయులకూ పనికొస్తుంది, కానీ అన్నిచోట్లా ఉండదు, ఖర్చూ ఎక్కువే.

బయాప్సీ ఇప్పటికీ పూర్తిగా పోలేదు. హెపటైటిస్ సితో పాటు ఆటోఇమ్యూన్ (ఒంటి రక్షణ వ్యవస్థే లివర్ మీద దాడి చేసే రకం) లాంటి మరో లివర్ జబ్బు ఉందన్న అనుమానం వచ్చినప్పుడు అడుగుతారు. అప్పుడు వద్దని మొండికేయకండి.

7. డాక్టరు దగ్గర ఏం అడగాలి

సిర్రోసిస్ లేదని తేలితే మాట్లాడటానికి పెద్దగా ఏం ఉండదు, మందు మొదలుపెట్టడమే. ఉందని తేలితే మాత్రం మూడు ప్రశ్నలు రాసుకుని వెళ్లండి.

మొదటిది, "నా లివర్ ఇంకా పని నెట్టుకొస్తోందా, చేతులెత్తేసిందా?" బిలిరుబిన్, అల్బుమిన్, ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయం), పొట్టలో నీరు, మతి తడబాటు, ఈ ఐదూ చూసి చైల్డ్-ప్యూ అనే స్కోరు వేస్తారు. ఇది మందు ఎంపికను మార్చేస్తుంది. గ్లెకాప్రెవిర్ లాంటి ప్రోటియేజ్ ఇన్హిబిటర్ రకం మందులు చేతులెత్తేసిన లివర్‌కి ఇవ్వకూడదు.

రెండోది, "నాకు ఎండోస్కోపీ కావాలా?" సిర్రోసిస్‌లో ఆహారనాళంలో సిరలు ఉబ్బుతాయి, పగిలితే ప్రాణం మీదికి వస్తుంది. కానీ అందరికీ గొట్టం వేయాల్సిన పని లేదు. స్కాన్ 20 కేపీఏ లోపు ఉండి, ప్లేట్‌లెట్లు 1.5 లక్షల పైనుంటే ప్రమాదకరమైన సిరలు ఉండే అవకాశం చాలా తక్కువ కాబట్టి ఎండోస్కోపీ మానేయొచ్చని అంతర్జాతీయ నిపుణులు బవేనో అనే సమావేశాల్లో తేల్చారు. 25 కేపీఏ, ఆపైన వచ్చిందంటే మాత్రం సిరల్లో ఒత్తిడి పెరిగిపోయినట్టే లెక్క.

మూడోది, "క్యాన్సర్ కోసం ఎన్నాళ్లకోసారి చూస్తారు?" సిర్రోసిస్ ఉంటే ఆరు నెలలకోసారి అల్ట్రాసౌండ్. దానికి ఏఎఫ్‌పీ అనే రక్తపరీక్ష కలపడం కూడా ఉంది. కొన్ని దేశాల మార్గదర్శకాలు ఎఫ్3 ఉన్నవాళ్లకూ ఇదే చెబుతాయి.

సిర్రోసిస్ ఉన్నా లేకపోయినా, మందు మొదలుపెట్టేముందు హెపటైటిస్ బి పరీక్ష అయిందో లేదో అడగండి. సి పోతుంటే నిద్రలో ఉన్న బి లేచే ప్రమాదం ఉంది.

ఈలోగా పొట్ట ఉబ్బినా, కళ్లు పచ్చబడినా, మలం తారులా నల్లగా వచ్చినా, రక్తపు వాంతి అయినా, మనిషి పొంతన లేకుండా మాట్లాడుతున్నా స్కాన్ తేదీ కోసం ఎదురుచూడకండి. నేరుగా ఆసుపత్రికి వెళ్లండి.

8. మందు అయిపోయాక

కోర్సు ముగిసిన 12 వారాలకు ఆర్‌ఎన్‌ఏ పరీక్ష చేస్తారు. వైరస్ కనిపించకపోతే జబ్బు నయమైనట్టే. తర్వాత సరదాకి ఫిబ్-4 కట్టి చూస్తే బాగా తగ్గి ఉంటుంది. స్కాన్ కూడా 14 నుంచి 9కి దిగి ఉండొచ్చు. సంతోషించండి, కానీ ఆ తగ్గుదలలో మొదటి భాగం వాపు తగ్గడం వల్ల వచ్చింది, మచ్చ కరగడం వల్ల కాదు. మచ్చ కరగడానికి ఏళ్లు పడుతుంది, కొందరికి పూర్తిగా కరగదు కూడా. హెపటైటిస్ సి హద్దులన్నీ వైరస్ ఉన్నవాళ్ల మీద కట్టినవి. వైరస్ పోయాక అవే హద్దులు పెట్టి "ఇప్పుడు ఎఫ్2కి వచ్చేశాను" అనుకుని ఆరు నెలల అల్ట్రాసౌండ్ మానేయడం అన్నిటికంటే ప్రమాదకరమైన తప్పు. మందుకు ముందు ఎఫ్4 అయినవాళ్లకు లివర్ క్యాన్సర్ ముప్పు తగ్గుతుంది గానీ పోదు.

కాబట్టి తర్వాత మిమ్మల్ని చూసే ఏ డాక్టరుకైనా కావలసింది మందు మొదలుపెట్టకముందు తీసిన స్కాన్, అదే నెల బ్లడ్ కౌంట్. ఆ రెండింటినీ ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి, తేదీ కనిపించేలా. స్కాన్ కాగితం కొన్నిసార్లు థర్మల్ ప్రింట్‌లో ఇస్తారు, రెండు మూడేళ్లకు అక్షరాలు వెలిసిపోతాయి. ఇవాళే ఒక జిరాక్స్ తీయించండి.